3018 సీఎన్‌సీలో వై ట్రావెల్ పెంచడం: రాడ్లు మార్చాలా, పలకను జరపాలా?

ఉలి_సుత్తి (తెనాలి)

సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గర మూడేళ్లుగా ఒక 3018 సీఎన్‌సీ యంత్రం (కంప్యూటర్ ఆదేశాలతో చెక్కే చిన్న యంత్రం) ఉంది. ఎక్స్ (అడ్డం) దిశలో 300, వై (ముందువెనకల) దిశలో 180, జెడ్ (పైకీ కిందికీ) దిశలో 45 మిల్లీమీటర్ల ట్రావెల్, అంటే కదిలే దూరం, ఉంటుందని దాని పెట్టె మీద రాసి ఉంది. ఇంతకాలం దాని మీద సర్క్యూట్ బోర్డులూ చిన్న చిన్న ఇత్తడి బిళ్లలూ చెక్కుకుంటూ వచ్చాను కనుక ఆ కొలతతో ఇబ్బంది రాలేదు. ఇప్పుడు గృహప్రవేశాలకు టేకు నామఫలకాలు చేసి ఇవ్వమని తెలిసినవాళ్లు అడుగుతున్నారు. ఒక్కో పలక 420 మి.మీ. పొడవు, 150 మి.మీ. వెడల్పు, 18 మి.మీ. మందం ఉంటుంది. దాన్ని ఏ దిశలో పెట్టినా ఈ యంత్రానికి అందదు.

పైగా పెట్టె మీది కొలతలు కూడా నిజంగా రావడం లేదు. నిన్న స్కేలు పెట్టి చూస్తే ఎక్స్ 288, వై 168, జెడ్ 40 మాత్రమే తేలాయి. యంత్రం నిర్మాణం మీకు తెలిసినదే: పైన అడ్డంగా ఉండే గ్యాంట్రీ కదలదు, కింది బెడ్ ముందుకూ వెనక్కూ జరుగుతుంది. ఒక్కో అక్షానికి 10 మి.మీ. రాడ్లు రెండు, మధ్యలో దాన్ని నడిపే టీ8 స్క్రూ (8 మి.మీ. వ్యాసం), నెమా 17 సైజు మోటారు, కంట్రోలర్‌లో మోటార్లను నడిపించే జీఆర్‌బీఎల్ 1.1 సాఫ్ట్‌వేర్ ఉన్నాయి.

నా ఆలోచన ఇది. గ్యాంట్రీని ముట్టుకోకుండా, వై దిశలోని రెండు రాడ్లనూ స్క్రూనూ తీసేసి వాటి చోట పొడవైనవి వేసి, పక్క అల్యూమినియం పట్టీలను కూడా అదే లెక్కన పెంచితే 420 మి.మీ. ట్రావెల్ వస్తుందా? అలా చేస్తే ఏం పోగొట్టుకుంటాను? మోటారు ఆ బరువును లాగగలదా, జీఆర్‌బీఎల్‌లో ఏ విలువలు మార్చాలి అన్నవి కూడా తెలియాలి. దీనితోపాటు జెడ్ బాధ ఒకటి ఉంది. బెడ్ మీద 18 మి.మీ. ఎండీఎఫ్ (చెక్కపొట్టుతో చేసిన అట్ట) బలిపలక, అంటే కటర్ కిందికి దిగినా బెడ్ తెగకుండా కాచే పలక, దాని మీద 18 మి.మీ. టేకు పెట్టేసరికి కటర్ క్లాంపుల మీదుగా దాటలేకపోతోంది. జెడ్‌ను కూడా పెంచుకోవాలా?

పాత_ఫిట్టర్ (హైదరాబాద్)

ఉలి_సుత్తి గారికి నమస్కారం. బాలానగర్‌లో చాలాకాలం ఫిట్టర్‌గా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. హాబీ యంత్రాలతో నా పరిచయం కొద్దిదే గానీ, జారే బల్ల ఎక్కడైనా జారే బల్లే కనుక చెబుతున్నాను.

ట్రావెల్ అంటే రాడ్ పొడవు కాదు. రెండు చివరల బిగింపుల నడుమ ఖాళీగా కనిపించే రాడ్ పొడవులోంచి, బెడ్ కింది బేరింగులు ఆక్రమించే పొడవు తీసెయ్యాలి, అందులోంచి లిమిట్ స్విచ్‌లు (బెడ్ చివరకు చేరిందని యంత్రానికి చెప్పేవి) తినే భాగం తీసెయ్యాలి, మిగిలేదే ట్రావెల్. కాబట్టి రాడ్లు కొనడానికి ముందు ఈ మూడు కొలతలూ తీసి ఇక్కడ పెట్టండి. మీ 168లో ఎంత స్విచ్‌ల పాలవుతోందో తెలియకుండా యంత్రాన్ని విప్పడం మంచిది కాదు.

ఈ లెక్క చూడగానే చాలామందికి ఒక దొంగ ఉపాయం తడుతుంది. ఒక్కో రాడ్ మీది రెండు బేరింగులనూ దగ్గరగా జరిపితే పైసా ఖర్చు లేకుండా ట్రావెల్ పెరుగుతుంది కదా అనుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. బేరింగుల మధ్య దూరమే బల్లకు కాళ్ల వంటిది, కాళ్లు దగ్గరైన కొద్దీ బల్ల ఊగుతుంది.

మీరు పొడవైన రాడ్లు వేసినా ఇదే విషయం ఇంకోలా ఎదురవుతుంది. మీ గ్యాంట్రీ కదలదు కాబట్టి కటర్ ఎప్పుడూ ఒకే గీత మీద నొక్కుతుంది, బెడ్ దాని కింద జరుగుతుంది. 420 మి.మీ. పలక కొసను చెక్కేటప్పుడు ఆ కొస కటర్ కింద ఉంటుంది గానీ, బేరింగుల మధ్యబిందువు అక్కడికి 210 మి.మీ. దూరంలో ఉంటుంది. బేరింగుల నడుమ దూరం 110 మి.మీ. అనుకోండి. కటర్ ఒక కిలో బరువుతో నొక్కితే దగ్గరి బేరింగు మీద 2.4 కిలోలు కిందికి పడతాయి, దూరపు బేరింగును 1.4 కిలోలు పైకి లేపుతాయి. ఏతం మాను ఒక కొస తొక్కితే రెండో కొస లేచినట్టు బెడ్ కొస దిగుతుంది, బేరింగులో ఉన్న కొద్దిపాటి లూజు మొత్తం అక్షరాల లోతులో కనబడుతుంది. బేరింగుల దూరాన్ని 200 మి.మీ.కు పెంచితే ఆ అంకెలు 1.55కూ 0.55కూ తగ్గుతాయి. అయితే పెంచిన ఆ 90 మి.మీ. మళ్లీ రాడ్ పొడవులో కలపాలి. ఎల్‌ఎమ్10యూయూ బేరింగు పొడవు 29 మి.మీ. కనుక 420కి 200, దానికి 29 కలిపితే 649. అంటే 650 మి.మీ. ఖాళీ రాడ్ కావాలన్నమాట. బెడ్ అటూ ఇటూ పూర్తిగా జరిగినప్పుడు మీ బల్ల మీద 840 మి.మీ. చోటు ఆక్రమిస్తుంది. పెద్ద హాబీ యంత్రాల్లో బెడ్‌ను నిలిపి గ్యాంట్రీని కదిలించేది ఇందుకే. అక్కడ పొడవు రెట్టింపు కాదు.

మైక్రాన్_వేట (పుణె)

పాత_ఫిట్టర్ గారు బేరింగుల సంగతి చెప్పారు కాబట్టి నేను రాడ్ వంపు లెక్క చెబుతాను. రెండు చివరల మీద ఆనిన రాడ్ నడుమ బరువు పెడితే అది వంగే మొత్తం పొడవు యొక్క ఘనాన్ని బట్టి పెరుగుతుంది, వ్యాసం యొక్క నాలుగో ఘాతాన్ని బట్టి తగ్గుతుంది. ఉలి_సుత్తి గారి ప్రస్తుత రాడ్ ఖాళీ భాగం సుమారు 290 మి.మీ. ఉండవచ్చు. ఒక్కో రాడ్ నడుమ 10 న్యూటన్లు, అంటే దాదాపు ఒక కిలో బరువు పడితే 10 మి.మీ. ఉక్కు రాడ్ 0.05 మి.మీ. వంగుతుంది. అదే రాడ్ 650 మి.మీ. అయితే అంతే బరువుకు 0.58 మి.మీ. వంగుతుంది, అంటే 11 రెట్లకు పైగా. చివరలు గట్టిగా బిగించి ఉంటే ఈ వంపు నాలుగో వంతుకు తగ్గవచ్చు. నిజమైన యంత్రం ఈ రెంటికీ నడుమ ఎక్కడో ఉంటుంది గానీ, ఆ 11 రెట్ల నిష్పత్తి మాత్రం మారదు. కటర్ నొక్కుడు సంగతి పక్కనబెట్టినా బెడ్, బలిపలక, టేకు కలిసి మూడు కిలోలు ఉంటే, యంత్రం ఊరికే నిలబడి ఉన్నప్పుడే నడుమ ఒక లోతు, చివర ఒక లోతు వస్తాయి. వి-బిట్‌తో (మొన వి ఆకారంలో ఉండే కటర్‌తో) చెక్కే అక్షరంలో 0.2 మి.మీ. లోతు తేడా అంటే గీత వెడల్పులోనే తేడా. 60 డిగ్రీల బిట్‌కు అది 0.23 మి.మీ. అవుతుంది, కంటికి తెలుస్తుంది.

కనుక 650 మి.మీ. పొడవుకు చివర్లలో మాత్రమే ఆనే 10 మి.మీ. రాడ్ పనికిరాదు. 16 మి.మీ. రాడ్ వేస్తే వంపు ఆరున్నర రెట్లు తగ్గుతుంది, అయినా ఇప్పుడున్న దానికన్నా దాదాపు రెట్టింపు ఉంటుంది. పొడవునా కింద ఆధారం ఉన్న ఎస్‌బీఆర్16 రైలు గానీ, ఎంజీఎన్12, హెచ్‌జీఆర్15 వంటి చదును రైలు గానీ వేయాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. రైలు తాను బిగించిన ఉపరితలాన్ని అనుసరిస్తుంది. అల్యూమినియం పట్టీ ఎక్కడైనా వంగి ఉంటే రైలూ దానితోపాటు వంగుతుంది. కాబట్టి ముందు ఒక రైలును సరిచేసి బిగించి, రెండో రైలు స్క్రూలను వదులుగా ఉంచి, బెడ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు నడిపి, రెండోది తన చోటు తాను వెతుక్కున్నాక బిగించాలి. డయల్ గేజి (మిల్లీమీటరులో వందో వంతు తేడానూ ముల్లుతో చూపే పరికరం) లేకుండా ఈ పనికి దిగవద్దు. రసమట్టం ఇంత సూక్ష్మాన్ని చూపలేదు.

స్క్రూ విషయానికి వస్తే, టీ8 స్క్రూ మరల అడుగున వ్యాసం 6 మి.మీ. అనుకుందాం. 700 మి.మీ. పొడవున రెండు చివరలా బేరింగు ఉంటే నిమిషానికి సుమారు 1,190 చుట్ల దాకా కొరడాలా ఊగకుండా తిరుగుతుంది. మోటారు వైపు చివర పట్టి రెండో చివర గాలిలో వదిలేస్తే ఆ హద్దు సుమారు 415కు పడిపోతుంది. ఒక చుట్టుకు 4 మి.మీ. జరిగే స్క్రూ కాబట్టి, నిమిషానికి 1,000 మి.మీ. వేగంతో నడిపితే 250 చుట్లే అవుతాయి, భయం లేదు. అయినా ఆ వదిలేసిన చివరకు ఒక బేరింగు పెట్టండి. కొత్త స్క్రూ వచ్చిన రోజే దాన్ని అద్దం మీద దొర్లించి చూడండి, వంకర ఉంటే అక్కడే పట్టుబడుతుంది.

మోటారు గురించి మీరు బెంగపడనక్కర్లేదు. ఐదు కిలోల బెడ్ కూడా 4 మి.మీ. స్క్రూ ద్వారా మోటారుకు 20 గ్రాము-చదరపు సెంటీమీటర్ల జడత్వంగా మాత్రమే తెలుస్తుంది, పొడవు స్క్రూ మరో 13 కలుపుతుంది. నెమా 17 రోటరుకు సొంతంగానే మామూలుగా అంతకంటే ఎక్కువ ఉంటుంది. త్వరణాన్ని కొంచెం తగ్గిస్తే సరిపోతుంది.

బిట్టు_బైటు (విశాఖపట్నం)

జీఆర్‌బీఎల్ గురించి అడిగారు కాబట్టి ఆ భాగం నేను చెబుతాను. వై ట్రావెల్ విలువ $131లో ఉంటుంది. ఎక్స్‌కు $130, జెడ్‌కు $132. సాఫ్ట్ లిమిట్ (హద్దు దాటే ఆదేశాన్ని ఆపేది) $20ను ఆన్ చేయాలంటే ముందు హోమింగ్ (స్విచ్‌ను తాకి తన మొదటి చోటు తెలుసుకోవడం) $22 ఆన్ అయి ఉండాలి, లేకపోతే 10వ నంబరు ఎర్రర్ ఇచ్చి నిరాకరిస్తుంది. త్వరణం $121లోనూ, గరిష్ఠ వేగం $111లోనూ ఉంటాయి.

పొడవు పెంచినవాళ్లు తరచూ చిక్కుకునే చోటు ఇంకొకటి ఉంది. హోమింగ్ చేసేటప్పుడు జీఆర్‌బీఎల్ స్విచ్ కోసం $131లో ఉన్న విలువకు ఒకటిన్నర రెట్ల దూరం మాత్రమే వెతుకుతుంది. మీరు అక్షాన్ని 420కి పెంచి $131ను 180 దగ్గరే మరిచిపోతే, బెడ్ ఆ చివర ఉన్నప్పుడు హోమింగ్ 270 మి.మీ. జరిగి, స్విచ్ దొరకలేదని 9వ నంబరు అలారం ఇచ్చి ఆగిపోతుంది. స్విచ్ పాడైందనుకుని తీగలన్నీ ఊడదీసుకున్నవాణ్ణి నేనే.

స్క్రూ కొనేటప్పుడు ఇంకో సంగతి గుర్తుంచుకోండి. త్రీడీ ప్రింటర్ల విడిభాగాలు అమ్మే దుకాణాల్లో టీ8 అని అడిగితే సాధారణంగా ఒక చుట్టుకు 8 మి.మీ. జరిగే స్క్రూ ఇస్తారు. మీ 3018లో ఉన్నది 4 మి.మీ.ది. చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి గానీ పాత నట్ కొత్త స్క్రూకు ఎక్కదు. నట్ కూడా మార్చుకుంటే $101ను 800 నుంచి 400కు తగ్గించాలి, లేదంటే 100 అన్నచోట 200 జరుగుతుంది.

రెండుసార్లు_కొలువు (బెంగళూరు)

నా అనుభవం వేరే రకం యంత్రంతో. ఎక్స్2 తరహా చిన్న మిల్లింగ్ యంత్రానికి నేనే మోటార్లు బిగించి సీఎన్‌సీ చేసుకున్నాను. దానిలో వై ట్రావెల్ తక్కువ అనిపించి, నిలువు కాలమ్‌కూ బేస్‌కూ నడుమ 25 మి.మీ. ఉక్కు దిమ్మ పెట్టి కాలమ్‌ను వెనక్కి జరిపాను. ట్రావెల్ పెరిగిన మాట నిజమే. కానీ అంతవరకు బేస్ మీద నిండుగా కూర్చున్న శాడిల్ (బల్లను మోస్తూ జారే భాగం) ఇప్పుడు చివర్లో సగం గాలిలోకి వస్తోంది. చివర్లో సరిపోయేలా గిబ్ (లూజు తీసే పట్టీ) బిగిస్తే నడుమ బిగుసుకుంటోంది, నడుమ సరిపోయేలా వదిలితే చివర్లో లూజు అవుతోంది. కాలమ్‌ను మళ్లీ నిలువుకు తెచ్చుకోవడానికి రెండు ఆదివారాలు పట్టింది. ఇప్పుడు ఆ పెరిగిన 25 మి.మీ.లో చివరి 10ని డ్రిల్లింగ్‌కు తప్ప వాడను. డ్రిల్లింగ్ నిలువుగా నొక్కుతుంది కాబట్టి అక్కడ పక్కవాటు లూజు అంతగా బాధించదు.

పలక_జరుపు (గుంటూరు)

ఇంతమంది పెద్దలు చెప్పినదానికి అడ్డుపడుతున్నానని అనుకోకండి. ఉలి_సుత్తి గారికి కావలసింది 420 మి.మీ. ట్రావెలా, 420 మి.మీ. పలకా? ఈ రెండూ ఒకటి కావు.

3018లో గ్యాంట్రీ కింద ముందూ వెనకా తెరిచే ఉంటుంది. పలకను వై దిశకు పొడవుగా పెట్టండి. వెడల్పు 150 కనుక ఎక్స్‌కు సమస్య లేదు. ముందు సగం చెక్కి, పలకను ముందుకు జరిపి, మిగతా సగం చెక్కితే సరి. పాత_ఫిట్టర్ గారి ఏతం బాధ ఇక్కడ తక్కువ, ఎందుకంటే కటర్ నొక్కేది ఎప్పుడూ బెడ్ పరిధిలోనే. బయటికి వేలాడేది పలక బరువు మాత్రమే, ఆ టేకు పలక మొత్తం కలిపి సుమారు ముప్పావు కిలో ఉంటుంది.

కష్టమంతా జరిపిన పలకను ఖచ్చితమైన చోట కూర్చోబెట్టడంలో ఉంటుంది. నేను చేసే పద్ధతి చెబుతాను. నామఫలకాన్ని వెనుకవైపు నుంచి స్క్రూలతో ఒక 6 మి.మీ. ఎండీఎఫ్ మోతపలకకు బిగిస్తాను. గోడకు తగిలించే కొక్కేలు అదే చోట వస్తాయి కనుక ఆ రంధ్రాలు వృథా పోవు. బెడ్ మీది బలిపలక అంచున ఒక ఎండీఎఫ్ పట్టీని గట్టిగా అతికించి, దాని లోపలి అంచును యంత్రంతోనే వై దిశలో ఒక్కసారి చెక్కిస్తాను. అలా చెక్కిన అంచు వైకి సమాంతరంగా ఉందా లేదా అని ఇక మూలమట్టంతో చూసుకోనక్కర్లేదు, అది యంత్రం తన నడకతో తానే గీసుకున్న గీత. మోతపలక దానికి ఆనుకుని జరుగుతుంది. పొడవు దిశలో ఆపడానికి 6 మి.మీ. పిన్ను ఒకటి చాలు. మోతపలకలో ఆ పిన్నుకు రెండు రంధ్రాలను యంత్రంతోనే, ఎంత జరపాలో అంత దూరంలో వేయిస్తాను. యంత్రం కొలతలో వెయ్యికి రెండు తప్పున్నా ఫరవాలేదు. రంధ్రాల నడుమ ఉన్న తప్పే అక్షరాల నడుమా ఉంటుంది కాబట్టి అతుకు దగ్గర అది బయటపడదు.

అతుకు ఎక్కడ పడాలో మాత్రం మీరు ఆలోచించుకోవాలి. ఇంగ్లీషు అక్షరాలైతే రెండు అక్షరాల నడుమ నిట్టనిలువు గీత గీసి పని రెండు ముక్కలు చేయవచ్చు. మన అక్షరాలతో అది కుదరదు. వత్తు కింద కుడివైపుకు సాగి పక్క అక్షరం కిందికి చేరుతుంది, కొమ్ము ఒక్కోసారి తర్వాతి అక్షరం దాకా వంగుతుంది. నిలువు గీతతో కోస్తే 'స్వామి'లో వత్తు సగం ఒక విడతలో, సగం మరో విడతలో పడుతుంది. అందుకని గీతతో కోయకుండా, ఏ అక్షరం దాని వత్తులతో, గుణింతాలతో సహా ఏ విడతలోకి వెళ్లాలో అక్షరాలవారీగా పంచుకోండి. ఒక అక్షరం కూడా రెండుగా చీలకపోతే, పదోవంతు మిల్లీమీటరు తేడా వచ్చినా అది అక్షరాల నడుమ ఖాళీలో కలిసిపోతుంది.

ఉలి_సుత్తి (తెనాలి)

అందరికీ కృతజ్ఞతలు. పాత_ఫిట్టర్ గారు అడిగిన కొలతలు తీశాను. చివరల నడుమ రాడ్ ఖాళీ భాగం 290. బేరింగులు ఈ కొస నుంచి ఆ కొసకు 104. అంటే 186 రావాలి. స్విచ్‌ల కోసం రెండు చివరలా నేనే పెట్టుకున్న రేకు బ్రాకెట్లు 18 మి.మీ. తింటున్నాయి. పెట్టె మీది కొలతను అనుమానించాను గానీ, అందులో నా పాలే ఎక్కువ.

ఒక సందేహం ఉంది. నామఫలకం 420 అయినా అక్షరాలూ అంచు లతా కలిపి 350 మి.మీ. దాటవు. బయటి అంచు నునుపు చేసే పని వడ్రంగి మేస్త్రి చూసుకుంటారు. ఇప్పుడున్న 168తో రెండు విడతలు 336 అవుతాయి, అంటే మూడో విడత తప్పదు. స్విచ్‌లను పక్కకు మారిస్తే రెండు విడతల్లో పని అయిపోతుందా? అలాగే జెడ్ గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు.

పాత_ఫిట్టర్ (హైదరాబాద్)

మీ కొలతలు చూశాక రాడ్లు కొనవద్దనే చెబుతాను. స్విచ్‌లను బెడ్ దారికి ఎదురుగా కాకుండా, పక్క పట్టీ మీద పెట్టి, బెడ్ పక్కనుంచి దాటుతూ వాటి మీటను నొక్కేలా చేయండి. అప్పుడు బెడ్ స్విచ్‌ను ఢీకొని ఆగదు, దాన్ని రాసుకుంటూ ముందుకు పోగలదు. రెండు చివరలా రెండేసి మి.మీ. వదులుకున్నా 182 వస్తుంది. రెండు విడతలకు 364. మీకు కావలసింది 350. విడతకు 175 చొప్పున జరిపితే సరిపోతుంది.

జెడ్‌ను పెంచవద్దు. కటర్ మొనకూ దాన్ని మోసే రాడ్లకూ నడుమ దూరం ఎంత పెరిగితే పక్కవాటు నొక్కుడుకు అంత ఊగుతుంది. బిట్ విషయంలో కూడా అంతే. కొలెట్ (బిట్‌ను పట్టుకునే బిగింపు) నుంచి 15 మి.మీ. బయటికి ఉన్న బిట్‌ను 25 మి.మీ.కు లాగితే అది నాలుగున్నర రెట్లు ఎక్కువ వంగుతుంది. మీ బాధ చోటు లేకపోవడం కాదు, చోటును 18 మి.మీ. ఎండీఎఫ్‌కు ఇచ్చేయడం. బలిపలకను 6 మి.మీ.కు తగ్గించండి. పలక_జరుపు గారి మోతపలక మరో 6. టేకుతో కలిపి 30 అవుతుంది, ఇప్పుడు 36 ఉంది. పైగా పలకను వెనుక నుంచి స్క్రూలు పట్టుకుంటాయి. క్లాంపులను మోతపలక చివర్ల మీద, అంటే టేకు కంటే పల్లంలో పెట్టుకోవచ్చు కనుక కటర్ వాటిని దాటే అవసరమే రాదు.

మైక్రాన్_వేట (పుణె)

ఈ కొలతలకు నాదీ అదే మాట. ఎప్పుడైనా నిజంగా 420 మి.మీ. ఏకధాటిగా చెక్కవలసిన పని, ఉదాహరణకు మధ్యలో తెగకూడని పొడవాటి గాడి, వస్తే అప్పుడు రైళ్ల గురించి మాట్లాడుకుందాం. ఆ రోజుకు ఈ యంత్రాన్ని పొడిగించడం కంటే గ్యాంట్రీ కదిలే రకం కొత్త ఫ్రేము కట్టుకుని, ఈ మోటార్లూ కంట్రోలర్ అందులోకి మార్చుకోవడం నయం.

ఉలి_సుత్తి (తెనాలి)

రెండు వారాల తర్వాత రాస్తున్నాను. స్విచ్‌లను పక్కకు మార్చాను. వై ఇప్పుడు 182 వస్తోంది, $131లో 181 పెట్టాను. మోతపలక, చెక్కిన అంచు, 6 మి.మీ. పిన్ను అన్నీ పలక_జరుపు గారు చెప్పినట్టే చేశాను. టేకు మీదికి వెళ్లే ముందు ఒక పనికిరాని వేపచెక్క మీద, అతుకు దాటుతూ సాగే ఒక సన్న గీత కావాలనే గీయించి చూశాను. మొదటిసారి గీత అతుకు దగ్గర 0.3 మి.మీ. పక్కకు తొలగింది. వెతికితే మోతపలకకూ పట్టీకీ నడుమ ఒక మూల చెక్కపొట్టు ఇరుక్కుని ఉంది. పట్టీ కింది అంచున ఒక చిన్న గాడి చెక్కించి పొట్టు అందులో పడేలా చేశాను, జరిపిన ప్రతిసారీ కుంచెతో తుడుస్తున్నాను. రెండోసారి తేడా డయల్ గేజికి 0.08 చూపింది, గోటికి తగలలేదు.

మొదటి టేకు నామఫలకం నిన్న పూర్తయింది. అక్షరాలను రెండు విడతలకు పంచేటప్పుడు అంచు లత ఒక్కటే ఇబ్బంది పెట్టింది, అది ఎక్కడా తెగకుండా సాగుతుంది కనుక. ఆకు తీగను దాటే చోట అతుకు పడేలా పెట్టుకున్నాను. పాత 18 మి.మీ. బలిపలక ఇప్పుడు యంత్రం కింద పీటగా ఉంది.

పలక_జరుపు (గుంటూరు)

ఆ పొట్టు గాడి ఉపాయం నాకు తట్టలేదు. గాడి వెడల్పు, లోతు ఎంత పెట్టారో చెప్పగలరా?

ఉలి_సుత్తి (తెనాలి)

వెడల్పు 3, లోతు 2 మి.మీ. 3.175 బిట్ ఒక్క నడకలో వేసింది కాబట్టి నిజానికి వెడల్పు 3.2 ఉంటుంది.